సంగీతానికి తెరిచిన తలుపు

జాజ్ అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ రేవు పట్టణంలో, 1900కి కాస్త అటూ ఇటూగా, నల్లజాతి వాద్యగాళ్ల చేతుల్లో రూపుకట్టిన సంగీతం. పాతికేళ్లు తిరక్కుండానే అది షికాగో, న్యూయార్క్, లండన్, పారిస్ నగరాలకు పాకింది. ఒక తరం యువతీయువకుల దుస్తులనూ, నాట్యాలనూ, స్నేహాలనూ మార్చింది. 1920ల దశాబ్దానికి ‘జాజ్ యుగం’ అన్న పేరే స్థిరపడింది. అయితే ఆ సంగీతానికి తెరుచుకున్న తలుపులు, దాన్ని పుట్టించిన మనుషులకు అంత త్వరగా తెరుచుకోలేదు. జాజ్ కథలో అన్నిటికన్నా గట్టిగా పట్టించుకోవలసిన సంగతి ఇదే.

న్యూ ఆర్లియన్స్ మొదట ఫ్రెంచివారిది, తర్వాత స్పెయిన్‌ది, 1803లో అమెరికా చేతికి వచ్చింది. అక్కడి కాంగో స్క్వేర్ అనే మైదానంలో బానిసలు ఆదివారాలు గుమిగూడి డప్పులు వాయించుకునేవారు, ఆడి పాడేవారు. అమెరికాలో చాలాచోట్ల బానిసల డప్పుల మీద నిషేధం ఉన్న రోజులవి. 1865లో బానిసత్వం రద్దయ్యాక కార్నెట్, క్లారినెట్, ట్రాంబోన్ వంటి సైనిక బ్యాండు వాయిద్యాలు నల్లవారి చేతికి వచ్చాయి. మన పెళ్లి ఊరేగింపుల బ్యాండుమేళంలో కనిపించేవీ ఇవే, ఇక్కడికీ సైనిక బ్యాండ్ల నుంచే వచ్చాయి. న్యూ ఆర్లియన్స్‌లో ప్రతి వేడుకకూ, ప్రతి శవయాత్రకూ బ్యాండు ఉండేది. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదిగా శోకగీతం వాయించేవారు, తిరిగివచ్చేటప్పుడు హుషారుగా వీధి దద్దరిల్లేలా వాయించేవారు.

ఆ ఊళ్లో క్రియోల్ అనే మరో వర్గం ఉండేది. ఫ్రెంచి, ఆఫ్రికన్ రక్తాలు కలిసిన కుటుంబాలవి. వారిలో చాలామంది ఫ్రెంచి మాట్లాడేవారు, గురువుల దగ్గర పియానో, క్లారినెట్ పద్ధతిగా నేర్చుకునేవారు, తాము నల్లవారికంటే వేరని అనుకునేవారు. 1892లో హోమర్ ప్లెసీ అనే క్రియోల్ చెప్పుల పనివాడు తెల్లవారి రైలు పెట్టెలో కూర్చుని, కావాలనే అరెస్టయ్యాడు. వేర్పాటు చట్టాన్ని కోర్టులో సవాలు చేయడానికి అది ముందుగా వేసుకున్న పథకం. 1896లో సుప్రీంకోర్టు అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. సదుపాయాలు సమానంగా ఉంటే జాతులవారీగా విడిగా ఉంచడం తప్పు కాదంది. చట్టం ముందు క్రియోల్‌లూ నల్లవారూ ఒకటైపోయారు. ఒకే బ్యాండులో, ఒకే వీధిలో కలిసి వాయించవలసి వచ్చింది. స్వరలిపి చూసి తప్పుపోకుండా వాయించే క్రియోల్ శిక్షణా, కాగితం లేకుండా చెవితో పట్టి మనసుతో అల్లే నల్లవారి బ్లూస్ పాటల సంప్రదాయమూ అలా ఒక్కచోట చేరాయి. జాజ్ పుట్టుకకు దీన్ని ఒక ముఖ్య కారణంగా చరిత్రకారులు చెబుతారు. మనుషుల్ని విడదీయడానికి చేసిన చట్టం సంగీతంలో ఇద్దరిని కలిపింది.

తొలి పెద్ద పేరు బడ్డీ బోల్డెన్‌ది. ఆయన కార్నెట్ మోత ఊరవతలికి వినిపించేదని తోటివారు చెప్పుకునేవారు. 1907లో మతి చలించి ఆసుపత్రిలో చేరి, 1931లో అక్కడే చనిపోయారు. ఆయన వాయించిన ఒక్క స్వరం కూడా రికార్డుగా మిగల్లేదు.

జాజ్‌లో కొత్తదనం ఏమిటో కర్ణాటక సంగీతం విన్న చెవికి చెప్పడం సులువు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో స్వరకర్త రాసిందే వాద్యగాడు వాయించాలి. జాజ్‌లో పాట ఒక ఆధారం మాత్రమే. దాని మీద వాద్యగాడు అప్పటికప్పుడు అల్లుకుపోతాడు. మన నెరవు, కల్పనాస్వరాల మనోధర్మానికి ఇది దగ్గరగా ఉంటుంది. తేడా ఒకటే. మన విద్వాంసుడికి హద్దు గీసేది రాగం, జాజ్ వాద్యగాడికి హద్దు గీసేది పాట కింద నడిచే స్వరసమూహాల వరస. లయ విషయంలోనూ పోలిక దొరుకుతుంది. పాట తాళంతో పాటే ఎత్తుకుంటే సమగ్రహం, ముందో వెనకో ఎత్తుకుంటే అతీతం, అనాగతం అంటాం కదా. జాజ్‌లో దెబ్బ తరచూ అలా అనుకున్నచోట కాక పక్కన పడుతుంది. వింటున్నవాడి కాలు ఊరికే కదలడానికి కారణం అదే. ఇక ‘బ్లూ’ స్వరాలనేవి మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ, కైశికి నిషాదానికీ కాకలి నిషాదానికీ నడుమ జారుతూ పలికేవి. పియానో మెట్ల మీద ఆ చోటు లేదు. గొంతులోనూ గొట్టంలోనూ ఉంది. ఒకరు పాడితే గుంపు అందుకోవడం ఆఫ్రికా నుంచి పొలాల మీదుగా వచ్చిన అలవాటు. నాట్లపాట, బుర్రకథ వంతపాట విన్నవారికి అది కొత్త కాదు.

జాజ్ పేరుతో తొలి రికార్డు 1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీ తీసింది. వాయించింది ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ అనే అయిదుగురు తెల్లవారి బృందం. ఊరు న్యూ ఆర్లియన్సే, నేర్చింది నల్లవారి వీధుల్లో వినే. ఆ రికార్డులో క్లారినెట్ కోడిలా కూస్తుంది, కార్నెట్ గుర్రంలా సకిలిస్తుంది. రికార్డు విపరీతంగా అమ్ముడైంది. జాజ్ అంటే ఇదేనని లక్షలమంది అనుకున్నారు. నల్లవారి బృందాలు తగినన్ని రికార్డులు చేయడానికి మరో ఆరేళ్లు పట్టింది.

అదే ఏడాది నౌకాదళం ఒత్తిడితో న్యూ ఆర్లియన్స్‌లోని స్టోరీవిల్ వేశ్యావాటికను మూసేశారనీ, అందులో వాయించేవారంతా షికాగో రైలెక్కారనీ చాలా పుస్తకాల్లో రాస్తారు. అది కథకు బాగుంటుందిగానీ అసలు కారణం అంతకంటే పెద్దది. దక్షిణాదిలో పత్తి పొలాల కౌలు బతుకు, ఓటు లేకపోవడం, మూకహత్యల భయం ఒకవైపు. మొదటి ప్రపంచయుద్ధం వల్ల ఐరోపా వలసలు ఆగి ఉత్తరాది ఫ్యాక్టరీలకు కూలీలు కరువవడం ఇంకోవైపు. 1910 తర్వాతి రెండు దశాబ్దాల్లో పది లక్షలకు పైగా నల్లవారు ఉత్తరాదికి తరలిపోయారు. వాద్యగాళ్లు తమ శ్రోతల వెంట వెళ్లారు. ఉత్తరాదీ స్వర్గమేమీ కాదు. 1919 వేసవిలో షికాగోలో జరిగిన జాతి అల్లర్లలో 38 మంది చనిపోయారు. వారిలో 23 మంది నల్లవారు.

షికాగోలోని లింకన్ గార్డెన్స్ డాన్స్ హాల్లో జో ‘కింగ్’ ఆలివర్ బ్యాండు వాయించేది. 1922 ఆగస్టులో ఆయన న్యూ ఆర్లియన్స్ నుంచి తన శిష్యుణ్ణి రెండో కార్నెట్‌కు పిలిపించుకున్నారు. ఆ శిష్యుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, అప్పటికి 21 ఏళ్లు. కడుపేద ఇంట 1901 ఆగస్టు 4న పుట్టారు. పదకొండేళ్ల వయసులో కొత్త సంవత్సరం వేడుకల్లో తుపాకీ గాలిలోకి పేల్చినందుకు నల్లపిల్లల సంస్కరణ గృహానికి పంపితే, అక్కడి బ్యాండులో కార్నెట్ పద్ధతిగా పట్టుకోవడం నేర్చుకున్నారు.

1923 ఏప్రిల్‌లో ఈ బ్యాండు రికార్డింగ్ కోసం ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ అనే చిన్న ఊరికి వెళ్లింది. జెనెట్ కంపెనీ స్టూడియో ఒక పియానో ఫ్యాక్టరీ ఆవరణలో, రైలు పట్టాల పక్కన ఉండేది. రైలు వస్తే వాయించడం ఆపాలి. మైకులు లేవు. అందరూ ఒక పెద్ద లోహపు గరాటా ముందు నిలబడి వాయించాలి. ఆ శబ్దానికి కంపించే సూది మైనపు పళ్లెం మీద గీత గీస్తుంది. పెద్ద డ్రమ్ము కొడితే సూది ఎగిరిపడుతుందని డ్రమ్ములు వాయించే బేబీ డాడ్స్ చేత చెక్కదిమ్మెలు మాత్రమే కొట్టించారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదితే గురువు కార్నెట్ వినబడటం లేదు. అందుకని ఆయన్ను గదిలో దూరంగా, ఒక మూలకు నిలబెట్టారు. ఆ సంగతి పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత కాలంలో చెబుతూ, అంత దూరాన ఒంటరిగా నిలబడ్డ కుర్రవాడి ముఖం చిన్నబోయిందని గుర్తుచేసుకున్నారు. ఆమె ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చదివిన మనిషి. మరుసటి ఏడాది ఆర్మ్‌స్ట్రాంగ్‌ను పెళ్లాడి, గురువు నీడ నుంచి బయటపడమని పట్టుబట్టి న్యూయార్క్ పంపింది ఆమే. జాజ్ చరిత్రలో ఆమెకు దక్కవలసినంత చోటు దక్కలేదు. అదే జెనెట్ కంపెనీ డబ్బు తీసుకుని, నల్లవారిపై దాడులు చేసే కు క్లక్స్ క్లాన్ పాటల రికార్డులు కూడా అచ్చువేసి ఇచ్చేది. ఒకే ఫ్యాక్టరీలో ఆ పాటలూ, ఈ జాజూ తయారయ్యాయి.

గ్రామఫోన్‌లో నల్లవారి గొంతుకు దారి తెరిచింది స్త్రీలు. 1920 ఆగస్టులో మామీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ అమ్మకాలు చూసి కంపెనీలకు నల్లవారు కూడా రికార్డులు కొంటారని తెలిసొచ్చింది. వారి కోసం ‘రేస్ రికార్డులు’ అని వేరే జాబితాలు పెట్టారు. 1923లో బెస్సీ స్మిత్ వచ్చారు. ‘మా’ రైనీ, బెస్సీ వంటివారు పాడిన పాటల్లో మొగుణ్ణి వదిలేసి రైలెక్కే ఆడవాళ్లు ఉంటారు, అద్దె కట్టలేక తన్నుకులాడే బతుకులు ఉంటాయి, దెబ్బలు ఉంటాయి, దాచకుండా చెప్పిన కోరిక ఉంటుంది. స్త్రీ తన దేహం గురించి, తన కష్టం గురించి తానే నోరు విప్పడం అప్పటి అచ్చు సాహిత్యంలోనే అరుదు. అది ఇంట్లో గ్రామఫోన్ మీద వినబడింది.

అప్పటికే అమెరికా సమాజం కదులుతోంది. 1920 జనాభా లెక్కల్లో తొలిసారిగా సగానికి పైగా జనం పట్టణవాసులని తేలింది. అదే ఏడాది స్త్రీలకు దేశమంతటా ఓటు హక్కు వచ్చింది. యుద్ధకాలంలో ఉద్యోగాలు చేసిన అమ్మాయిల చేతిలో సొంత జీతం ఉంది. అంతకుముందు మధ్యతరగతి ఇళ్లలో అబ్బాయి అమ్మాయిని చూడాలంటే వాళ్లింటికి వచ్చి, ముందుగదిలో పెద్దల కనుసన్నల్లో కూర్చుని మాట్లాడి వెళ్లాలి. ఇప్పుడు ఇద్దరూ కలిసి డాన్స్ హాలుకు వెళ్తున్నారు. 1908లో 850 డాలర్లున్న ఫోర్డ్ మోడల్ టి కారు 1920ల మధ్యకు 300 డాలర్లలోపుకు దిగింది. పెద్దల చూపు అందని చోటికి వెళ్లే దారి దొరికింది. జుట్టు చెవుల దాకా కత్తిరించి, నడుముకు బిగించే కార్సెట్ వదిలేసి, మోకాళ్ల దాకా గౌను వేసుకుని, బాహాటంగా సిగరెట్ కాల్చే అమ్మాయిని ‘ఫ్లాపర్’ అన్నారు. 1923లో బ్రాడ్‌వే నాటకం ద్వారా ఊరూరా పాకిన చార్ల్‌స్టన్ నాట్యం కార్సెట్‌తో ఆడేది కాదు. దానికి కాళ్లూ చేతులూ స్వేచ్ఛగా విసరాలి. 1920 జనవరిలో మద్యనిషేధం అమల్లోకి వచ్చి 1933 డిసెంబరు దాకా సాగింది. తాగేవారు మానలేదు, దొంగచాటు బార్లకు చేరారు. పాత సెలూన్లు మగవారివి. ఈ కొత్త బార్లలో ఆడామగా కలిసి కూర్చునేవారు, మూలన ఒక జాజ్ బ్యాండు ఉండేది.

వీటన్నిటికీ జాజే కారణం అనడం సరికాదు. ఉద్యోగం, ఓటు, కారు, పట్టణం లేకుండా ఏ పాటా అంత పని చేయలేదు. కాని మార్పుకు భయపడినవారికి నింద మోపడానికి కంటికి కనిపించేది, చెవికి వినిపించేది ఒకటి కావాలి. జాజ్ దొరికింది. 1921 ఆగస్టులో ‘లేడీస్ హోమ్ జర్నల్’ పత్రికలో యాన్ షా ఫాక్నర్ అనే స్త్రీల క్లబ్బుల నాయకురాలు, తప్పిన తాళంలోనే పాపం ఉందా అనే అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశారు. జాజ్ నరాలను చెడగొడుతుందనీ, అమ్మాయిలను పాడుచేస్తుందనీ వాదన. ఇలాంటి వ్యాసాలు చదివితే ఒకటి స్పష్టమవుతుంది. నీతి పేరుతో వచ్చిన భయంలో సగం నల్లవారి సంగీతం తెల్లవారి ఇళ్లలోకి వచ్చిందన్న భయమే.

కళల్లో ఆధునికవాదం కూడా ఇదే కాలంలో పెరిగింది. పాత రూపాల మీద నమ్మకం పోయి, తెగిన వాక్యాలతో, ముక్కలు అతికిన బొమ్మలతో, ఎగుడుదిగుడు లయలతో కొత్త కాలాన్ని చెప్పాలనే పట్టుదల అది. పికాసో 1907లోనే ఆఫ్రికా ముసుగుల ప్రభావంతో ముఖాలు గీశాడు. 1922లో జాయ్స్ ‘యులిసిస్’, ఎలియట్ ‘వేస్ట్ లాండ్’ వచ్చాయి. ఎలియట్ కావ్యంలో ఒక చౌకబారు రాగ్‌టైమ్ పాట కూడా దూరింది. ఐరోపా సంగీతకారులు జాజ్‌ను ముందే పసిగట్టారు. 1918లో జేమ్స్ రీస్ యూరప్ అనే నాయకుడు నడిపిన నల్ల సైనికుల బ్యాండు ఫ్రాన్సులో ఊరూరా వాయించింది. 1919లో లండన్‌లో సిడ్నీ బెషే క్లారినెట్ విన్న స్విస్ సంగీత నిర్దేశకుడు ఎర్నెస్ట్ ఆన్సెర్మే, ఆయన్ను ప్రతిభాశాలిగా గుర్తిస్తూ గంభీరమైన వ్యాసం రాశాడు. అమెరికా విమర్శకులు నల్ల వాద్యగాళ్ల గురించి అంత శ్రద్ధగా రాయని రోజులవి. ఫ్రెంచి స్వరకర్త దారియుస్ మియో 1922లో న్యూయార్క్ నల్లవారి పేట హార్లెమ్‌లో జాజ్ విని, మరుసటి ఏడాది పారిస్‌లో సృష్టి కథ మీద ఒక బ్యాలే సంగీతం కూర్చాడు. 1924 ఫిబ్రవరి 12న న్యూయార్క్‌లో పాల్ వైట్‌మన్ కచేరీలో స్వరకర్త గెర్ష్విన్ ‘రాప్సడీ ఇన్ బ్లూ’ తొలిసారి మోగింది. తెల్లవాడైన వైట్‌మన్‌కు ‘జాజ్ రాజు’ అన్న బిరుదు అతుక్కుంది.

1913లో స్ట్రావిన్‌స్కీ ‘రైట్ ఆఫ్ స్ప్రింగ్’ బ్యాలేకు ప్రేక్షకులు గొడవ చేసిన పారిస్ షాంజెలిజే థియేటర్‌లోనే, 1925 అక్టోబరులో 19 ఏళ్ల నల్ల అమెరికన్ నర్తకి జోసెఫిన్ బేకర్ నాట్యం చేసి నగరాన్ని ఊపేశారు. అమెరికాలో హోటల్ గది దొరకని మనిషికి పారిస్ పట్టంకట్టింది. ఆ మెప్పులోనూ ఒక ముల్లుంది. ఆమెలో వారు అడవి మనిషిని చూడాలనుకున్నారు. అరటిపళ్ల లంగా కట్టించి ఆడించారు. ఆమె ఆ బొమ్మను తన తెలివితో, నవ్వుతో దాటిపోయారు.

అయితే ఆధునికవాదం గురించి రాసే పుస్తకాలు పికాసో, జాయ్స్, స్ట్రావిన్‌స్కీల దగ్గరే ఆగిపోవడం న్యాయం కాదు. 1928 జూన్ 28న షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ ఆ వరసలో నిలబడవలసిన రచన. పాట గురువు ఆలివర్‌దే. మొదట ట్రంపెట్ ఒక్కటే, ఏ తోడూ లేకుండా, పావునిమిషం కూడా ఉండదు. నాలుగు స్వరాలు గట్టిగా మోగుతాయి, ఆ వెంటనే తాళం పట్టుకోలేనంత వేగంగా స్వరాలు పైకెగిరి, మెలికలు తిరుగుతూ కిందికి జారతాయి. తర్వాత మాటలు లేని గొంతుతో క్లారినెట్‌కు జవాబులు చెబుతారు. చివర్లో ఒకే పై స్వరాన్ని నాలుగు తాళావర్తాల పాటు అలాగే పట్టి నిలుపుతారు. పది అంగుళాల రికార్డులో మూడు నిమిషాల చిల్లరకు మించి చోటు లేదు. ఆ ఇరుకులో ఒక్క మనిషి ఊపిరి ఇంత చెప్పగలదని అంతకుముందు ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి జాజ్ గుంపు సంగీతం నుంచి ఏకవ్యక్తి కళగా కూడా మారింది.

న్యూయార్క్‌లోని హార్లెమ్ అప్పటికి నల్లవారి సాంస్కృతిక రాజధాని. అలెయిన్ లాక్ 1925లో ‘ది న్యూ నీగ్రో’ సంకలనం తెచ్చారు. 1926లో లాంగ్‌స్టన్ హ్యూస్ బ్లూస్ నడకను కవిత్వంలోకి తెచ్చారు. చదువుకున్న నల్లవారిలో కొందరికి జాజ్ అంటే సిగ్గు. అది మోటు సంగీతం, జాతి పరువు తీస్తుందని వారి బాధ. హ్యూస్ ఆ సిగ్గునే తప్పుపట్టారు.

లెనాక్స్ అవెన్యూలో రెండు వీధుల ఎడంలో రెండు నాట్యశాలలు ఉండేవి. 142వ వీధి దగ్గర కాటన్ క్లబ్, యజమాని మద్యం మాఫియా నాయకుడు ఓనీ మాడెన్. వాయించేవారూ ఆడేవారూ నల్లవారు. బల్లల దగ్గర కూర్చునేవారు తెల్లవారు మాత్రమే. పాతకాలపు తోటల దొరతనం గుర్తొచ్చే అలంకరణ. 1927 డిసెంబరు నుంచి అక్కడ డ్యూక్ ఎలింగ్టన్ బ్యాండు వాయించింది, రేడియో ద్వారా దేశమంతా విన్నది. యజమానులు అడిగింది ‘అడవి’ సంగీతం. ఎలింగ్టన్ అడిగిన పేరుతోనే వేరొకటి ఇచ్చారు. ఆ బ్యాండులోని బబర్ మైలీ, సింకు మూసుకుపోతే నీళ్లు లాగే రబ్బరు కప్పును ట్రంపెట్ మూతికి అడ్డంపెట్టి, తెరుస్తూ మూస్తూ దాన్ని మనిషిలా ఏడిపించేవాడు. అతనూ ఎలింగ్టన్ కలిసి 1927లో కూర్చిన ‘బ్లాక్ అండ్ టాన్ ఫాంటసీ’ బ్లూస్‌గా మొదలై, షోపాన్ శవయాత్ర సంగీతపు ముక్కతో ముగుస్తుంది. ముక్కలు అతికే ఆధునికవాద పద్ధతి ఇందులో పుస్తకాల జోలి లేకుండానే వచ్చింది. రెండు వీధుల ఇవతల 1926 మార్చిలో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో నల్లవారూ తెల్లవారూ ఒకే నేల మీద ఆడారు. ఆ కాలంలో హార్లెమ్ గొప్పతనం చూడాలంటే కాటన్ క్లబ్ వెలుగుల్లో కాదు, సవాయ్ నేల మీద చూడాలి.

జాజ్‌ను నియంతలు సహించలేదు. 1928లో సోవియట్ రచయిత గోర్కీ ‘ప్రావ్దా’ పత్రికలో దాన్ని బలిసినవారి సంగీతమని తిట్టారు. నాజీలు 1935లో జర్మన్ రేడియోలో నిషేధించారు. 1938లో డ్యుసెల్‌డార్ఫ్‌లో పెట్టిన ‘భ్రష్ట సంగీతం’ ప్రదర్శన పోస్టరు మీద యూదుల నక్షత్రం పెట్టుకున్న నల్ల శాక్సఫోన్ వాద్యగాడి వికృత చిత్రం వేశారు. ద్వేషించేవారికి జాజ్‌లో ఎవరెవరు కలిశారో బాగానే తెలుసు.

అమెరికాలో మార్పు మెల్లగా వచ్చింది. 1936లో తెల్లవాడైన బెన్నీ గుడ్‌మన్ తన బృందంలో నల్ల పియానో వాద్యగాడు టెడ్డీ విల్సన్‌నూ, లయోనెల్ హాంప్టన్‌నూ వేదిక మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పెద్ద బేస్‌బాల్ పోటీల్లో నల్ల ఆటగాడు అడుగుపెట్టింది 1947లో. సైన్యంలో వేర్పాటును రద్దుచేస్తూ ఆదేశం వచ్చింది 1948లో. వేదిక కాస్త ముందుంది. 1938 చివర్లో న్యూయార్క్‌లో తెరిచిన కఫే సొసైటీ అనే నైట్‌క్లబ్బు ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చని చెప్పింది. మరుసటి ఏడాది గాయని బిల్లీ హాలిడే అక్కడే, తన ముఖం మీది వెలుగు తప్ప దీపాలన్నీ ఆర్పించి, మూకహత్యల మీద ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాడారు.

కింగ్ ఆలివర్ 1938లో జార్జియాలోని సవానాలో, ఒక పూల్ హాలు ఊడ్చే పనివాడిగా, పేదరికంలో చనిపోయారు. ఆయన శిష్యుడు 1931లో సొంత ఊరు న్యూ ఆర్లియన్స్‌కు ప్రఖ్యాతుడిగా తిరిగివచ్చి, తెల్లవారికి మాత్రమే ప్రవేశమున్న నాట్యశాలలో వాయించారు. రేడియో ప్రకటనకర్త నల్లవాణ్ణి పరిచయం చేయనని మొండికేస్తే, తనను తానే పరిచయం చేసుకున్నానని ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత చెప్పారు. లోపలికి రానివ్వని నల్లవారు బయట నదిగట్టు మీద గుమిగూడి, కిటికీల్లోంచి వచ్చేది విన్నారు. 1956లో న్యూ ఆర్లియన్స్ ఉన్న లూసియానా రాష్ట్రం నల్లవారూ తెల్లవారూ కలిసి వాయించడాన్ని నిషేధించింది. ఇద్దరూ ఉన్న తన బృందాన్ని విడదీసి ఆ ఊళ్లో వాయించనని ఆర్మ్‌స్ట్రాంగ్ తేల్చిచెప్పారు. పౌరహక్కుల చట్టం వచ్చాక 1965లోనే మళ్లీ అక్కడి వేదిక ఎక్కారు. 1971లో చనిపోయారు. 2001లో న్యూ ఆర్లియన్స్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు.